పిండా, మట్టా, నీళ్ళా, రంగులా? చిన్నపిల్లల ఆటకి ఇంట్లో ఏది సిద్ధం చేయాలి

మా పెద్దవాడికి మూడేళ్ళు నిండిన కొత్తలో, ఒక ఆదివారం పొద్దున పెద్ద బేసినులో శనగలు, పెసలు, రాజ్మా కలిపి పోసి, రెండు గరిటెలూ ఒక గ్లాసూ చేతికిచ్చి కూర్చోబెట్టాను. ఫోన్లో చూసిన వీడియోలో అలాగే ఉంది, రంగురంగులుగా కంటికి ఇంపుగా ఉంది. ముప్పావుగంట కిక్కురుమనకుండా ఆడుకున్నాడు. మర్నాడు ముక్కు కారితే జలుబనుకున్నాను. నాలుగో రోజుకి చెడువాసన మొదలైంది. కారేది కుడి ముక్కు ఒక్కటేనని అప్పటికిగానీ గమనించలేదు. డాక్టరుగారు సన్నటి కొక్కెంతో బయటికి లాగి, దూది మీద పెట్టి చూపించారు. తడికి ఉబ్బి, తోలు చిట్లి, రెట్టింపైన శనగ గింజ.

అప్పటి నుంచి ఏ ఆట సిద్ధం చేసినా ముందు రెండు ప్రశ్నలు వేసుకుంటున్నాను. చేతికందినదల్లా నోట్లోనో ముక్కులోనో పెట్టుకునే వయసా? ఆట అయ్యాక శుభ్రం చేసే ఓపిక, చోటు ఇవాళ నాకున్నాయా? ఈ రెండింటికీ జవాబు తెలిస్తే ఎంపిక చాలావరకు తేలిపోతుంది. అందంగా ఉందా లేదా అన్నది ఆ తర్వాతి మాట. ఇప్పుడు వాడికి ఐదేళ్ళు, చిన్నదానికి ఏడాదిన్నర. రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో, ఒకే హాల్లో ఇద్దరినీ పెట్టుకుని పిండి, మట్టి, నీళ్ళు, గింజలు, రంగులు అన్నీ చేసి చూశాను. ఏది ఎవరికి కుదురుతుందో, నేను ఏవి మానేశానో చెబుతాను.

తాకి, చూసి, విని ఆడే ఇలాంటి ఆటని ఇప్పుడు సెన్సరీ ప్లే అంటున్నారు. పేరు కొత్తదే, ఆట పాతది. లక్కపిడతల్లో గుజ్జనగూళ్ళు వండటం, తడి ఇసుకలో పాదం పెట్టి పిచ్చుకగూళ్ళు కట్టటం మన నానమ్మలు ఆడినవే. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో బడి తెరిచి, గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద పిల్లల వేళ్ళు నడిపించింది. 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండి ఎంతోమంది టీచర్లకి ఆ పద్ధతి నేర్పింది. మన వీధిబడుల్లోనూ ఇసుక మీద వేలితోనే అక్షరాలు దిద్దించేవారు. ఇవాళ్టికీ అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి పిల్లల వేలు పట్టి రాయిస్తాం. ఒళ్ళంతా కళ్ళు చేసుకుని తాకి, పిసికి, ఒంపి నేర్చుకునే వయసు అది. అందుకే ఆ వయసుకి ఏ వస్తువు ఇస్తున్నామో అంత పట్టించుకోవాలి.

అన్నిటికన్నా ముందు నీళ్ళు

ఏమీ కొనకుండా, ఏమీ వండకుండా ఇవాళే మొదలుపెట్టాలంటే నా ఓటు నీళ్ళకే. వెడల్పాటి బేసినులో నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు, రెండు చెంబులు, టీ వడకట్టు, చిల్లుల గరిటె, గరాటు, ఒక స్పాంజి ముక్క. అంతే. ఏడాది పాపాయి అరచేత్తో కొట్టి చిమ్ముతుంది. రెండేళ్ళది ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఒంపుతుంది. నాలుగేళ్ళవాడు ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది అని వంటింట్లోంచి వస్తువులు ఏరుకొస్తాడు. కమలాపండు తేలుతుంది, తొక్క తీసేస్తే మునుగుతుంది. అది చూసినరోజు మావాడు ఇంట్లో ఉన్న కమలాపళ్ళన్నీ ఒలిపించాడు.

ఎండాకాలంలో పెద్ద గిన్నెలో బంతి రేకులు, పుదీనా ఆకులు వేసి నీళ్ళు పోసి ఫ్రీజర్లో పెడితే రాత్రికి రాత్రి మంచు గడ్డ తయారు. దాని మీద గోరువెచ్చటి నీళ్ళు గరిటెతో పోస్తూ పూలు బయటికి తీయటం గంటసేపు సాగే పని. ఐస్ ట్రేలో వచ్చే చిన్న ముక్కలు మాత్రం చిన్నపిల్లలకి ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడే సైజు అది.

నీళ్ళ ఆటకి ఖర్చు లేదు, మరక లేదు, నోట్లోకి వెళ్ళినా మంచినీళ్ళే. దాని ప్రమాదం మాత్రం పెద్దది. పసిపిల్లలు రెండంగుళాల నీళ్ళలో కూడా మునిగిపోగలరు, చప్పుడు కూడా కాదు. కాలింగ్ బెల్ మోగినా, పొయ్యి మీద పాలు పొంగినా ముందు పిల్లని ఎత్తుకోండి, తర్వాతే లేవండి. ఆట అవగానే బేసిను మొక్కల్లో ఒంపేసి బోర్లించండి. ఆ ఒక్క పనిలో మినహాయింపు లేదు.

డాలస్‌లో ఉన్న మా చెల్లెలి ఇంట్లో నేలంతా కార్పెట్. మా చెల్లెలు నీళ్ళు, రంగులు, పిండి ఏదైనా ఎండిన బాత్‌టబ్‌లో పిల్లని కూర్చోబెట్టి ఆడిస్తుంది, ఆట అయ్యాక పిల్లనీ టబ్బునీ ఒకేసారి కడిగేస్తుంది. మనకి బాల్కనీయో, స్నానాల గదో, మేడ మీదో ఆ పని చేస్తుంది.

ముద్దల్లో నాలుగు రకాలు

పిండి ముద్ద అనగానే అన్నీ ఒకటే అనుకుంటాం. నాలుగూ వేరువేరు వయసులకి, వేరువేరు పనులకి.

మొదటిది చపాతీ పిండి. ఎప్పుడూ ఇంట్లో ఉంటుంది, పిల్ల పక్కన కూర్చుని ఏడుస్తుంటే ఒక ఉండ తుంచి ఇచ్చేస్తాం. పది నిమిషాల ఆటకి అదే మేలు. పొద్దున కలిపింది సాయంత్రానికి జిగురొస్తుంది, మర్నాటికి పులుస్తుంది. ఇంకో సంగతి, పచ్చి గోధుమపిండి గానీ మైదా గానీ తినే పదార్థం కాదు. పొలం నుంచి మర దాకా ఎక్కడా దానికి వేడి తగలదు కాబట్టి ఈ.కోలై, సాల్మొనెల్లా లాంటి క్రిములు ఉండే వీలుంది. మూడేళ్ళు దాటి, 'నోట్లో పెట్టుకోకమ్మా' అంటే వినే పిల్లలకి ఇవ్వండి, ఆట అయ్యాక చేతులు సబ్బుతో కడగండి.

రెండోది ఉప్పు వేసి ఉడికించిన మైదా ముద్ద. కొట్లో డబ్బాల్లో అమ్మే రంగుల ముద్దకి దగ్గరగా వచ్చేది ఇదే. ఒక కప్పు మైదా, అరకప్పు మెత్తటి ఉప్పు, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, ఒక పెద్ద చెంచా నూనె, ఒక కప్పు నీళ్ళు. ఇంగ్లిష్ వంటకాల్లో క్రీమ్ ఆఫ్ టార్టార్ అని రాస్తారు, మన ఊళ్ళలో దానికోసం తిరగక్కర్లేదు, నిమ్మరసం ఆ పని చేస్తుంది. అన్నీ ఉండల్లేకుండా కలిపి, అడుగు మందంగా ఉన్న బాణలిలో సన్న సెగ మీద తిప్పుతూ ఉండాలి. మొదటి రెండు నిమిషాలు పల్చటి జావలాగే ఉంటుంది, ఇది కుదరదేమో అనిపిస్తుంది. తర్వాత ఉన్నట్టుండి గరిటెకి బరువు తెలుస్తుంది, హల్వాలా అంచులు వదిలి ముద్ద కడుతుంది. మధ్యలో పచ్చి మెరుపు పోయి, వేలితో తాకితే అంటుకోకుండా ఉన్నప్పుడు దించేయండి. అక్కడ ఇంకో రెండు నిమిషాలు ఉంచితే ఆరాక పగుళ్ళొస్తాయి. గోరువెచ్చగా ఉండగానే నూనె చేత్తో ఐదు నిమిషాలు మర్దించాలి. మెత్తదనమంతా ఆ ఐదు నిమిషాల్లోనే వస్తుంది.

గాలి చొరని డబ్బాలో, ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు వారాలు మన్నుతుంది. హైదరాబాద్ పొడి గాలికి మూత మరిచిపోతే రాయవుతుంది. విశాఖలో మా అమ్మావాళ్ళింట్లో, వానాకాలంలో, అదే ముద్ద డబ్బాలో ఉండగానే చెమర్చి జిగురుగా మారింది. ఉప్పు గాలిలోని తడిని లాగుతుంది మరి. అలాంటప్పుడు ఒక చెంచా పొడి మైదా వేసి మళ్ళీ బాణలిలో ఒక నిమిషం తిప్పితే దారికొస్తుంది.

ఇంత చెప్పాను కదా, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి మాత్రం ఇది వద్దు. లెక్క చూడండి. పైన చెప్పిన కొలతకి అర కిలో పైచిలుకు ముద్ద వస్తే అందులో ఉప్పే 140 గ్రాముల పైన. నాలుగో వంతుకి మించి ఉప్పు. నిమ్మకాయంత ఉండ, అంటే సుమారు 40 గ్రాములు, మింగితే 10 గ్రాముల ఉప్పు కడుపులోకి వెళ్ళినట్టు. పెద్దవాళ్ళే రోజంతా కలిపి 5 గ్రాముల లోపు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 'ఇంట్లో చేసినదే కదా, తిన్నా ఏమీ కాదు' అనే మాట ఈ ముద్ద విషయంలో నిజం కాదు. కుక్కపిల్ల ఉన్న ఇంట్లోనూ డబ్బా పైన పెట్టండి, ఇంత ఉప్పు దానికీ ప్రాణం మీదికి తెస్తుంది.

మరి ఏడాది, ఏడాదిన్నర పిల్లలకి? మూడోది వాళ్ళకోసమే, బియ్యప్పిండి ముద్ద. కుడుములకి చేసినట్టే, మరిగే నీళ్ళలో చుక్క నూనె వేసి, బియ్యప్పిండి పోసి, కలిపి మూతపెట్టి ఉడకనివ్వటం. ఉప్పు వేయొద్దు. ఆరాక పిసికితే తెల్లగా, మెత్తగా, చేతికి చల్లగా ఉంటుంది. మైదాలా సాగదు, లాగితే తెగుతుంది, ఎండితే అంచులు పగులుతాయి. అయినా మా చిన్నది దాన్ని నొక్కి, చిదిమి, సగం తినేసి, మిగతాది జుట్టుకి రాసుకుని పరమానందంగా ఉంటుంది. రాగి సంకటి మిగిలితే అదీ ఇలాగే పనికొస్తుంది, రంగు కూడా వేయక్కర్లేదు. ఆడిన ముద్ద ఆ రోజే పారేయాలి. గోధుమ పడని పిల్లలకి ఏ వయసులోనైనా ఇదే దారి.

నాలుగోది మట్టి. వినాయక చవితికి ముందు కుమ్మరి దగ్గరో, సంతలోనో బంకమట్టి దొరుకుతుంది. నాలుగైదు కిలోలు తెచ్చుకుని తడిగుడ్డ చుట్టి, ప్లాస్టిక్ కవర్లో కట్టి, మూత ఉన్న బకెట్లో ఉంచితే నెలల తరబడి పాడవదు. ఎండితే నీళ్ళు చల్లి నానబెడితే మళ్ళీ మెత్తబడుతుంది. ఈ నాలుగింటిలో నాకు ప్రాణం ఇదే. మైదా ముద్ద చెప్పిన మాట వింటుంది, మట్టి వినదు. దాన్ని వంచాలంటే భుజం నుంచి బలం పెట్టాలి. మావాడు ఒకరోజు మట్టి ఉండని రెండు బొటనవేళ్ళతో నొక్కుతూ, గిన్నె చేస్తున్నానన్నాడు. గోడ ఒకవైపు పల్చబడి కూలిపోయింది. మళ్ళీ ఉండ చేశాడు. ఈసారి గిన్నెని తిప్పుతూ కొంచెం కొంచెంగా నొక్కాడు. నేను నోరు మెదపలేదు. మూడోసారికి నిలబడింది. పిండితో ఆడేటప్పుడు వాడు ఏనాడూ అంత పట్టుదలగా కూర్చోలేదు.

మూడేళ్ళు దాటిన పిల్లలకి మట్టి మంచిది. రోడ్డు పక్కదీ, కాలువ గట్టుదీ, కుక్కలూ పిల్లులూ తిరిగే చోటుదీ వద్దు, నులిపురుగుల భయం. ఆడాక గోళ్ళ సందుల్లో బ్రష్‌తో కడగాలి. నేల మీద ఎండిన మట్టిని చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతోనే తుడవండి. చేతులు కడిగిన నీళ్ళు సింకులో పోయకండి, పైపు మూసుకుపోతుంది. బకెట్లో కడిగించి, మట్టి అడుక్కి దిగాక పైనీళ్ళు మొక్కలకి పోసేయండి.

గింజలు, రవ్వ, ఇసుక

ఇది చూడటానికి అన్నిటికన్నా బాగుండేది, నేను అన్నిటికన్నా తక్కువ వాడేది. నా శనగ గింజ అనుభవం మీకు తెలుసు కాబట్టి కారణం వేరే చెప్పక్కర్లేదు.

బొమ్మల భద్రత పరీక్షల్లో మూడేళ్ళ లోపు పిల్లలకోసం ఒక చిన్న గొట్టం వాడతారు, దాని వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా పట్టేదేదైనా గొంతుకి అడ్డం పడగలదని లెక్క. మన పది రూపాయల బిళ్ళ వెడల్పు 27 మిల్లీమీటర్లు. అంటే ఆ బిళ్ళకన్నా కాస్త పెద్దవైన వస్తువులు కూడా ప్రమాదం కిందికే వస్తాయి. గోలీలు, గవ్వలు, చింతగింజలు, బొత్తాలు, శనగలు అన్నీ అందులోవే. గింజ ముక్కులోకి వెళ్తే మీరు పిన్నుతో, దూదిపుల్లతో తీయబోకండి, ఇంకా లోపలికి పోతుంది. చెవిలో గింజ పడితే నీళ్ళు పోయకండి, ఉబ్బుతుంది. నేరుగా డాక్టరు దగ్గరికే. ఒకవైపు ముక్కే కారుతూ వాసన వస్తుంటే ముందు దీన్నే అనుమానించండి.

పచ్చి రాజ్మా గింజలు నాలుగైదు నమిలి మింగినా వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. నానబెట్టినంత మాత్రాన ఆ గుణం పోదు, బాగా ఉడకాలి. అంతకన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. ఎర్రగా నిగనిగలాడుతూ ముద్దొచ్చే గురివింద గింజలు ఆటలోకి ఎప్పుడూ తేవద్దు. నమిలితే ప్రాణం తీసే విషం. ఆముదం గింజలూ అంతే. తోటలో ఆకులూ పూలూ ఏరి ఆడుకుందామనుకునే రోజు గన్నేరు జోలికి పోకండి, తెల్లదైనా ఎర్రదైనా పచ్చదైనా. మందారం, బంతి, వేప రెమ్మ, గోంగూర ఆకు, ఎండిన రావి ఆకు చాలు.

మరి ఈ ఆట అసలు వద్దా అంటే, మూడు దాటినవాళ్ళకి, మీరు పక్కన కూర్చోగల రోజున, వద్దనను. బియ్యం లేదా నూక ఒంపుతుంటే వచ్చే చప్పుడు పిల్లల్ని ఎంత శాంతపరుస్తుందో చూస్తేగానీ తెలియదు. మా అత్తగారికి మాత్రం బియ్యంతో ఆట అంటే మనసొప్పలేదు. కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇల్లు మాది. ఆవిడ బాధలో న్యాయముంది. ఇద్దరం మాట్లాడుకుని ఒక పద్ధతికి వచ్చాం. పురుగు పట్టిన నూకే వాడతాం, చెరిగి, ఎండబెట్టి. దుప్పటి మీద పెద్ద పళ్ళెం పెట్టి, కాళ్ళు బయట ఉండేలా కూర్చోబెడతాం. రంగులు కలపం. ఆట అయ్యాక పావురాలకీ పిచ్చుకలకీ వేసేస్తాం. ఇప్పుడు ఆవిడే మనవడి వేలు పట్టుకుని ఆ పళ్ళెంలో 'అ' దిద్దిస్తున్నారు.

ఇసుక దొరికితే బియ్యం మాటే అక్కర్లేదు. ఏటి ఇసుక తెచ్చి, జల్లించి, మూడు నాలుగు నీళ్ళు కడిగి ఎండబెట్టండి, ఆడేటప్పుడు కాస్త తడపండి. అపార్టుమెంటు కడుతున్నచోట కుప్పపోసి ఉండే రోబో శాండ్ ఇసుకలా కనిపిస్తుందిగానీ అది రాయిని పొడి చేసినది. పదునుగా ఉంటుంది, సన్నటి దుమ్ము లేస్తుంది, పిల్లల ఊపిరితిత్తులకి మంచిది కాదు. బొంబాయి రవ్వ దోరగా వేయించి చల్లార్చితే ఇసుకకి దగ్గరి స్పర్శ వస్తుంది. రెండేళ్ళ పిల్లలకి నేను అదే ఇస్తాను, నోట్లోకి వెళ్ళినా కంగారు లేదు.

కార్న్‌ఫ్లోర్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. రెండు వంతుల పిండికి ఒక వంతు నీళ్ళు కలపండి. పిడికిట్లో బిగిస్తే గట్టిగా ఉండ కడుతుంది, వదిలితే వేళ్ళ సందుల్లోంచి పాలలా కారిపోతుంది. నాలుగైదేళ్ళవాళ్ళు దీన్ని వదలరు. ఒంటికైనా బట్టలకైనా ఎండాక దులిపితే పోతుంది. సింకులో మాత్రం పోయకండి, గడ్డకట్టి కూర్చుంటుంది. పళ్ళెంలోనే ఎండనిచ్చి చెత్తబుట్టలో వేయండి.

రంగులు: గంజి, పసుపు, శంఖుపుష్పం

వేళ్ళతో పూసే రంగుకి మూలం చిక్కటి గంజి. అన్నం వార్చే ఇళ్ళలో అది రోజూ ఉంటుంది. కుక్కర్ ఇళ్ళలో అరకప్పు కార్న్‌ఫ్లోర్ రెండు కప్పుల నీళ్ళలో కలిపి, చిక్కబడేదాకా ఉడికించి చల్లార్చండి. నాలుగు గిన్నెల్లోకి పంచి రంగులు కలపండి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది.

ఏ రంగు కలపాలి అన్నదగ్గరే ఎంపిక. ఫుడ్ కలర్ వేస్తే తళుక్కుమంటుంది, ఒక్క చుక్క చాలు, చేతులకి రెండు రోజులు ఉంటుంది. వంటింటి రంగులు నెమ్మదైనవి. పసుపు ముదురు పచ్చ ఇస్తుంది. అదే పసుపు గంజిలో చిటికెడు వంటసోడా వేస్తే కళ్ళముందే ఎర్రగా తిరుగుతుంది, పాదాలకి పారాణి కలిపినట్టు. బీట్‌రూట్ రసం గులాబీ, పాలకూర రసం ఆకుపచ్చ, కాఫీ డికాక్షన్ గోధుమ రంగు. ఫాల్గుణంలో మోదుగ పూలు దొరికితే మరిగించి నారింజ తీయొచ్చు, తెలంగాణ పల్లెల్లో హోలీకి చల్లుకునేది ఆ నీళ్ళే.

శంఖుపుష్పం గురించి కాస్త ఆగి చెప్పాలి. పది పన్నెండు నీలం పూలు వేడినీళ్ళలో వేసి పది నిమిషాలు ఉంచితే సిరా లాంటి నీలం దిగుతుంది. ఆ నీళ్ళు తెల్ల గిన్నెలో పోసి, మావాడి చేతికి నిమ్మచెక్క ఇచ్చాను. మొదటి చుక్క పడ్డచోట ఊదారంగు మచ్చ లేచి పొగలా అల్లుకుంది. రెండో చుక్కకి అంచులు గులాబీ అయ్యాయి. వాడు ఊపిరి బిగబట్టి చూసి, గిన్నె తిప్పి, 'అమ్మా, దీనికి కోపమొచ్చింది' అన్నాడు. తర్వాత వంటసోడా చల్లితే మళ్ళీ నీలమై, ఆకుపచ్చ వైపు తిరిగింది. పులుపుకీ సోడాకీ రంగు మారటం ఆ పువ్వులో ఉన్న రంగుపదార్థం గుణం. కాగితం మీద ఆ నీలం పూసి, నిమ్మరసంలో ముంచిన దూదిపుల్లతో గీతలు గీస్తే గులాబీ బొమ్మ వస్తుంది. బాల్కనీలో ఒక శంఖుపుష్పం తీగ వేసుకోండి, ఏడాదంతా రంగులే.

సహజ రంగులు నిలవవని ముందే తెలుసుకోండి. బీట్‌రూట్ గులాబీ రెండు రోజుల్లో మట్టిరంగుకి దిగిపోతుంది, పసుపు ఎండకి వెలుస్తుంది. ఏటికొప్పాక బొమ్మలకి కూడా గింజలు, బెరడు, వేర్లు, ఆకుల నుంచి తీసిన రంగులే. అక్కడ వాటిని లక్కలో కలిపి, తిరుగుతున్న అంకుడు కర్ర మీద వేడికి పట్టిస్తారు కాబట్టి అవి తరాలు ఉంటాయి. ఆ పనితనానికే 2017లో జీఐ, అంటే ఆ ఊరి ప్రత్యేకతగా భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనం గంజిలో కలిపి కాగితానికి రాసేది వారం ఉంటే గొప్ప. దాచుకోవాలనుకుంటే ఆ రోజే ఫోటో తీసుకోండి. పసుపు ఎండకి వెలవటంలో ఒక లాభం ఉంది, చొక్కా మీద పసుపు మరక పడితే ఉతికి ఎర్రటి ఎండలో ఆరేయండి, చాలామటుకు పోతుంది.

పసుపు విడిగా కొలిచి అమ్మేది కాకుండా, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ముద్ర ఉన్న ప్యాకెట్‌దే వాడండి. రంగు కోసం సీసం కలిసిన రసాయనం కలిపిన పసుపు మన ప్రాంతపు దేశాల్లో పట్టుబడింది, సీసం పిల్లల మెదడుకి చేటు. సంక్రాంతికి రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్మే ముగ్గు రంగుల్లో ఏముందో రాసి ఉండదు కాబట్టి నేను పిల్లల చేతికివ్వను. ముగ్గుపిండి కూడా రాతిపొడి అయితే వద్దు. బియ్యప్పిండి అయితే భేషుగ్గా ముగ్గు గీయించండి, చీమలు తిని వెళ్తాయి.

కుంచె పట్టని పిల్లలకి కూరగాయ అచ్చులు. బెండకాయ అడ్డంగా కోస్తే ఐదు రేకుల పువ్వు. పాలకూర కట్ట మొదలు కోస్తే గులాబీ. బీరకాయ చక్రం. మార్కెట్ నుంచి వచ్చిన సంచిలోనే అచ్చులన్నీ ఉన్నాయి.

చేతికి జిగురు అంటితే ఏడ్చే పిల్లలు కొందరుంటారు. బలవంతంగా చేతులు ముంచకండి. రెండు చెంచాల రంగు గంజి జిప్ కవర్లో పోసి, నోరు టేపుతో మూసి, నేలకి అంటించండి. కవరు పైనుంచి వేలితో గీస్తే లోపల దారులు పడతాయి. పాకే పిల్లలకీ ఇదే బాగుంటుంది. అన్నం ముట్టుకోవటానికి, స్నానానికి, చొక్కా వేసుకోవటానికి కూడా అంతే ఇబ్బంది పడుతుంటే పిల్లల డాక్టరుతో ఒకసారి మాట్లాడండి.

ఇవి మా ఇంట్లోకి రావు

నీళ్ళలో వేస్తే ఉబ్బే రంగుల జెల్లీ గోలీలు, వాటర్ బీడ్స్. ఆవగింజంత పొడిది మింగినా పేగుల్లో ఉబ్బి అడ్డం పడుతుంది, ఎక్స్‌రేలో కనిపించదు. 2023 చివర్లో అమెరికాలో అమెజాన్, వాల్‌మార్ట్, టార్గెట్ వీటిని పిల్లల ఆటవస్తువుగా అమ్మటం మానేశాయి. మన దగ్గర పూలకుండీలకని చెప్పి ఇంకా దొరుకుతున్నాయి. ఆ జారుడు స్పర్శే కావాలంటే సబ్జా గింజలు ఇరవై నిమిషాలు బాగా నానబెట్టి ఇవ్వండి, లేదా సగ్గుబియ్యం మెత్తగా ఉడికించి చల్లటి నీళ్ళలో వేయండి. రెండూ మనం తినేవే. సబ్జా పొడిగా ఉన్నప్పుడు మాత్రం పిల్లలకి అందనీయకండి.

బోరాక్స్ వేసి చేసే స్లైమ్. బోరాక్స్ అంటే కంసాలులు వాడే వెలిగారం, కడుపులోకి వెళ్ళకూడనిది. ఐదేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో దాని అవసరం లేదు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో చెయ్యి అచ్చు తీయటం. గట్టిపడేటప్పుడు అది కాలేంత వేడెక్కుతుంది. చెయ్యి అచ్చు మట్టి పలకలోనే తీయండి.

ఏ ఇంటికి ఏది

ఏడాది నుంచి రెండేళ్ళ పిల్ల, మీరొక్కరే ఉంటే: నీళ్ళు, బియ్యప్పిండి ముద్ద, జిప్ కవరు రంగు. ఈ మూడూ మార్చి మార్చి ఇస్తే నెలలు గడిచిపోతాయి.

మూడు నుంచి ఐదేళ్ళు, ఆఫీసు నుంచి వచ్చాక అరగంటే దొరికితే: ఆదివారం ఉప్పు మైదా ముద్ద చేసి పెట్టుకోండి. డబ్బా తీయటం, మూయటం తప్ప ఇంకో పని ఉండదు. చపాతీ కర్ర, ఫోర్కు, దువ్వెన చేతికివ్వండి. దువ్వెన అచ్చు పిల్లలకి ఎందుకో అమితంగా నచ్చుతుంది.

సెలవు రోజు, మేడో బాల్కనీయో ఉంటే: మట్టి. వేరే ఆలోచన వద్దు.

మాలాగా ఇద్దరు పిల్లలు, వయసులో తేడా ఉంటే చిన్నదాని నోరే కొలబద్ద. ఇద్దరూ మేలుకుని ఉన్నంతసేపు తినదగినవే నేల మీదికి వస్తాయి. ఉప్పు ముద్ద, మట్టి, గింజలు చిన్నది నిద్రపోయాకే. పెద్దవాడు ఆ గంట కోసం ఎదురుచూస్తాడు. తలుపు దగ్గరగా వేసి, గుసగుసగా 'అమ్మా, మట్టి తీయవా' అంటాడు.

ఆట ముగించేటప్పుడు ఏడుపు రాకుండా ఉండటానికి నాకు పనిచేసిన ఉపాయం ఒకటే. వస్తువులు లాగేసుకోను, చిన్న తడిగుడ్డ చేతికిస్తాను. పళ్ళెం తుడవటం, గరిటెలు నీళ్ళలో ముంచి తీయటం, గుడ్డ పిండటం వాళ్ళకి ఇంకో ఆట. మా చిన్నది ఇప్పుడు బేసిను కనపడగానే ముందు వెళ్ళి తన గుడ్డ తెచ్చుకుంటుంది.